వదిన గది బెల్లు

వెనక షెడ్డు,
సోమవారం పొద్దున

చెల్లీ,

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఫోన్ చెయ్యవేమని అడిగావు. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ లైన్‌మన్‌గా పనిచేసినా నాకు ఫోన్‌లో మాట్లాడటం చేతకాదని నీకు తెలుసు. అందుకే ఉత్తరం.

మీ వదిన గొంతు ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. మాట మాత్రం ఇక రాదు. మెడ కింద చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టారు, ఊపిరి అందులోంచే. కాళ్ళలో బలం లేదు కాబట్టి మంచం దిగలేదు. చెప్పాలనుకున్నది పలక మీద రాసి చూపిస్తుంది. మొదటి రోజు ఏం రాసిందో తెలుసా? "ఇక నీకు హాయి" అని.

అసలు భయమంతా ఆ గొట్టం గురించే. ఉన్నట్టుండి కఫం అడ్డం పడుతుంది. వెంటనే లోపలి గొట్టం బయటికి లాగి శుభ్రం చెయ్యాలి. తనంతట తాను చేసుకోలేదు, ఊపిరి ఆడనప్పుడు చేతులు వణికిపోతాయి. రోజూ పొద్దున వచ్చే నర్సమ్మ నాకు నేర్పింది. నాలుగు నిమిషాలు దాటనివ్వకండి అని మరీ మరీ చెప్పింది. నేను గదిలోనే కూర్చుంటానంటే మీ వదిన ఒప్పుకోదు. ఎదురుగా కూర్చుని గుడ్లప్పగించి చూస్తుంటే ఉన్న ఊపిరి కూడా పోయేలా ఉందట. షెడ్డుకి పోయి నీ పాత ఫోన్లు బాగుచేసుకో అని పలక చూపించి తరిమేస్తుంది. ఆ గది వీధి వైపు, నా షెడ్డు పెరట్లో. గ్లాసు మీద చెంచాతో కొట్టమన్నాను. బస్సు పోయిందంటే అదేమీ వినపడదు.

అందుకని మంచం దగ్గర మీట, షెడ్డులో బెల్లు పెడుతున్నాను. కొట్లో రెండు సెల్లులు కొని తగిలిస్తే ఐదు నిమిషాల పని కదా అంటావు. నేను బాగుచేసిన మూగ ఫోన్లలో సగానికి పైగా సెల్లు అయిపోయి మూగబోయినవే. సెల్లు చెప్పి చావదు, చెల్లీ. మా వీధిలో కరెంటు సంగతి నీకు చెప్పక్కర్లేదు. మట్టి అలా కాదు. తడి ఉన్నంత కాలం ఇస్తూనే ఉంటుంది. రాగినీ జింకునీ తడి మట్టిలో పక్కపక్కన పాతితే కొద్దిగా కరెంటు పుడుతుంది. రాగి తీగనీ ఇనప తీగనీ కలిపి బోల్టు చుట్టూ చుట్టి పాతే పద్ధతి కూడా ఒకటుంది. వరసకీ వరసకీ మధ్య గుడ్డ వెయ్యాలి. వేలెడు వెడల్పు నూలు పట్టీలు ఓ పాతిక మూరలు పంపు. గట్టి నూలే ఉండాలి, మెరిసే గుడ్డలు పనికిరావు.

అన్నయ్య


కొట్టు పై గది,
ఆదివారం

అన్నయ్యా,

పట్టీలు పంపిస్తున్నాను. ఒకాయన పైజామాలు కుట్టించుకుని ఏడాదైనా తీసుకెళ్ళలేదు, ఆయన గుడ్డే చింపాను. ఇప్పుడొచ్చి అడిగితే మీ పైజామా మా అన్నయ్య భూమిలో పాతేశాడని చెప్పాల్సి వస్తుంది.

నీ ప్రయోగాలు నాకు కొత్త కావు. చిన్నప్పుడు నా జడ రిబ్బన్ల మీద కూడా నువ్వు తీగలు చుట్టావు. కానీ ఇది ఆట కాదు కదా. ముందు రెండు సెల్లులు తగిలించు. ఆ తర్వాత భూమినంతా తవ్వుకో, ఎవరొద్దన్నారు?

వదినకి మాట లేదంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు. అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. వదినే జడ వేస్తూ ఎక్కాలు అప్పజెప్పించుకునేది. తప్పు చెబితే జడ గుంజేది. మిషను తొక్కడం నేర్పిందీ ఆవిడే. కుట్టు వంకరపోతే పక్కింటికి వినపడేలా అరిచేది. ఇప్పటికీ కుట్టు వంకరగా వస్తే ఆ అరుపే వినిపిస్తుంది. ఆ గొంతు లేని ఇల్లు ఎలా ఉందో రాయి. వద్దులే, రాయకు.

నీ చెల్లి


వెనక షెడ్డు,
శుక్రవారం

చెల్లీ,

నీ పట్టీలు బాగా పనికొచ్చాయి. తొమ్మిది వరసలు చుట్టి జామచెట్టు పక్కన మోచేతి లోతున పాతాను. మీటరు పెడితే సగం ఓల్టు కూడా రాలేదు. తర్వాత రాగి రేకు, జింకు రేకు పన్నెండు జతలు చేసి పాతాను. ఒక జతకి ముప్పాతిక ఓల్టు వచ్చింది. పన్నెండు కలిపితే తొమ్మిది రావాలి కదా, మళ్ళీ ముప్పాతికే వచ్చింది. రెండు రోజులు బుర్ర గోక్కున్నాక తెలిసింది. అన్నీ ఒకే మట్టిలో ఉంటే అన్నీ కలిసి ఒకటే జత అయిపోతాయి. దేని మట్టి దానికి ఉండాలి. ముప్పై ఏళ్ళ అనుభవంతో చేసిన తప్పు ఇది. మీ వదినకి చెబితే పలక మీద "కాపురాలూ అంతే" అని రాసింది. ఇప్పుడు జతకో పూలకుండీ పెట్టి, లోపల తారు పూసి, కుండీలు పాతుతున్నాను. ఓల్టులు వచ్చాయి కానీ బలం లేదు. బెల్లు సుత్తి వణుకుతుందే తప్ప కొట్టదు.

ఇంకో సంగతి చెప్పాలి. మంగళవారం గొట్టానికి అడ్డం పడింది. చెంచా చేతిలోంచి జారిపోయిందట. నేను కుండీల దగ్గర ఉన్నాను. చేతులు కడుక్కోవడానికని లోపలికి వెళ్ళాను కాబట్టి సరిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. తీశాను, ఊపిరి పీల్చుకుంది. నేను అక్కడే నేల మీద చతికిలపడ్డాను. ఇక గది కదలనని చెప్పాను. తను కళ్ళు తుడుచుకుని పలక తీసింది. "నువ్వు నన్ను కాపలా కాస్తూ కూర్చుంటే నేను చచ్చిపోతున్నానని రోజంతా గుర్తుంటుంది. బెల్లు పెట్టు. పో" అని రాసింది.

అన్నయ్య


కొట్టు పై గది,
సోమవారం

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. చేతులు కడుక్కోవడానికి వెళ్ళబట్టి సరిపోయిందా? మట్టి అంటుకోకపోతే ఏమయ్యేది? ఇంత వయసొచ్చీ నీ పంతం పోలేదు. ఈ ఉత్తరం అందిన పూటే వెళ్ళి రెండు సెల్లులు కొను. సెల్లు చెప్పి చావదంటావు. నీ మట్టి అసలు పుట్టనే లేదు కదా.

కోపంగా రాశాను, చింపెయ్యను. వదినకి మెడ కింద పెట్టుకోవడానికి చిన్న దిండు కుట్టి పంపుతున్నాను. నువ్వు దాన్ని ముట్టుకోకు, నీ చేతుల నిండా తారు.

నీ చెల్లి


వెనక షెడ్డు,
బుధవారం పొద్దున తొమ్మిది

చెల్లీ,

మోగింది!

నిన్న సాయంత్రం కుండీల్లో నీళ్ళు పోసి, తీగలన్నీ మళ్ళీ బిగించి వచ్చాను. ఇవాళ ఏడింటికి మీ వదిన మీట నొక్కింది. షెడ్డులో బెల్లు గణగణమని మోగింది. వీధిలో బస్సు ఆగి ఉన్నా వినపడింది. పరిగెత్తుకుంటూ వెళ్ళాను. "లైన్‌మన్ గారూ, గెలిచారు" అని అప్పటికే పలక మీద రాసి పట్టుకుంది. నర్సమ్మ కూడా చప్పట్లు కొట్టింది. మీ వదిన భుజాలు కదిలిపోయేలా నవ్వింది. శబ్దం రాదు కానీ నవ్వే. ఆపరేషన్ అయ్యాక ఇదే మొదటిసారి.

ఇక రోజూ ఏడింటికి పరీక్ష. తను నొక్కుతుంది, నేను విని లోపలికి వెళ్ళి పలక మీద ఏం రాసిందో చదువుతాను. ఆ తర్వాతే మిగతా పనులు. లెక్కలు తర్వాత రాస్తాను.

దిండు అందింది. బాగుందట.

అన్నయ్య


కొట్టు పై గది,
ఆదివారం

అన్నయ్యా,

చాలా సంతోషం. ఆ రోజు నోటికొచ్చినట్టు రాశాను, మనసులో పెట్టుకోకు. నీ లెక్కలు నాకు అర్థం కావు, రాయక్కర్లేదు. మోగుతోంది కదా, చాలు. దాన్ని విప్పి చూడటం, ఇంకా బాగుచెయ్యడం లాంటివి పెట్టుకోకు.

దిండులో దూది త్వరగా అణిగిపోతుంది. నెలకొకటి కొత్తది పంపుతూ ఉంటాను. పాతది నర్సమ్మకి ఇచ్చెయ్యమను.

నీ చెల్లి


వెనక షెడ్డు,
గురువారం

చెల్లీ,

రెండో దిండు కూడా వచ్చింది. మీ వదినకున్నది ఒక్కటే మెడ అని గుర్తుందా? అయినా పంపుతూ ఉండు.

ఈ నెల రోజుల్లో గొట్టానికి అడ్డం పడి బెల్లు మూడుసార్లు మోగింది. మూడుసార్లూ సమయానికి వెళ్ళాను. మూడోసారి శుభ్రం చేశాక తను నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మిగతా వేళల్లో మా ఇద్దరికీ కాలక్షేపం బాగానే ఉంది. పొద్దున నేను వెళ్ళేసరికి పలక మీద ఏదో ఒక ఎత్తిపొడుపు ఉంటుంది. "మీ మట్టి గారికి జలుబు చేసినట్టుంది, గొంతు మారింది" అని ఒకరోజు. "కుండీల్లో ఓల్టుల బదులు వంకాయలు వేస్తే తినడానికైనా వచ్చేవి" అని ఇంకోరోజు. నేను గంభీరంగా మొహం పెట్టి, ఇవాళ నేల తడి బాగుంది కాబట్టి శబ్దం బాగుందని చెబుతాను. తను తల పక్కకి తిప్పుకుని నవ్వుతుంది. పెళ్ళైన కొత్తలో కూడా మేమింత ఆడుకోలేదు.

ఎండలు ముదిరాయి. రోజూ కుండీలకి నీళ్ళు పోస్తున్నాను. డాక్టరు గారు వచ్చే నెల మళ్ళీ చూస్తామన్నారు. మొహం చూస్తే ఏమీ మంచిగా అనిపించలేదు. తనకి చెప్పలేదు.

అన్నయ్య


కొట్టు,
మంగళవారం, మిషను మీద పెట్టుకుని రాస్తున్నాను

అన్నయ్యా,

బళ్ళు తెరిచే రోజులు కదా, ఊపిరి సలపట్లేదు. నలభై జతల యూనిఫారాలు కత్తిరించి పెట్టాను, సగం కూడా కుట్టలేదు. తల్లులు గుమ్మంలో నిలబడి గొడవ. వదిన దిండు కుట్టడం అయింది కానీ పోస్టాఫీసు దాకా వెళ్ళడానికి పూట దొరకట్లేదు. వచ్చే గురువారానికి అందేలా పంపుతాను. ఆవిడతో తప్పకుండా చెప్పు, గురువారమని.

డాక్టరు గారి సంగతి చదివాక కుట్టు సాగలేదు. పని తెమలగానే వారం రోజులు వచ్చి ఉంటాను.

నీ చెల్లి


కొట్టు పై గది,
శనివారం

అన్నయ్యా,

క్షేమంగా చేరాను. కొట్టు తాళం తీశాను కానీ మిషను మీద గుడ్డ తియ్యలేదు.

తొమ్మిది రోజులు నీ దగ్గరున్నాను. వచ్చిన వాళ్ళందరికీ నువ్వు ఒకటే మాట చెప్పావు, నిద్రలోనే పోయిందని. నేనూ తలూపాను. వదిన మంచం ఖాళీగా ఉంది, పలక కిటికీలో ఉంది, మీట గోడకి వేలాడుతూనే ఉంది. నువ్వు రోజూ పొద్దున బకెట్టు పట్టుకెళ్ళి ఆ కుండీలకి నీళ్ళు పోశావు. ఏడింటికి షెడ్డులో కూర్చున్నావు, ఎవరూ నొక్కరని తెలిసి కూడా. నేను వంటింటి కిటికీలోంచి చూశాను. అడుగుదామని మూడుసార్లు షెడ్డు దాకా వచ్చాను. మూడుసార్లూ వెనక్కి తిరిగాను.

ఎదురుగా అడగలేనిది ఉత్తరంలో అడుగుతున్నాను. ఆ రోజు బెల్లు మోగిందా?

నీ చెల్లి


వెనక షెడ్డు,
బుధవారం

చెల్లీ,

మోగలేదు.

నిద్రలో పోలేదు. నేను పది గంటలకి టీ తీసుకుని వెళ్ళాను. బొటనవేలు మీట మీదే ఉంది, నొక్కిపెట్టి ఉంది. దుప్పటి కింద పడి ఉంది. చాలా అవస్థ పడింది. ఎంతసేపు నొక్కిందో నాకు తెలియదు. నేను షెడ్డులో ఎవరిదో ఫోన్ డయల్ విప్పి నూనె వేస్తున్నాను. పాట కూడా పాడుకుంటున్నానేమో, గుర్తు రావట్లేదు.

మట్టి ఎండిపోయింది. ముందు రోజు నీళ్ళు సరిగా పొయ్యలేదు. తప్పు నాదే. నువ్వు మొదట్లోనే చెప్పావు, సెల్లులు పెట్టమని. నేను వినలేదు. ఇదే జరిగింది. ఇంకెప్పుడూ దీని గురించి అడగకు.

ఇప్పుడు కుండీల సంఖ్య ఇరవై నాలుగు చేశాను. ఎందుకని అడగకు. బెల్లు మోగేదాకా చేస్తాను.

అన్నయ్య


కొట్టు పై గది,
శుక్రవారం

అన్నయ్యా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నాలుగు కాగితాలు చింపాను. ఇది ఐదోది. నిజం చెబితే నీ దగ్గర మిగిలిన ఒక్క సంతోషం కూడా లాగేసుకున్నట్టవుతుంది. చెప్పకపోతే జన్మంతా నువ్వు ఆ కుండీల ముందు కూర్చుంటావు. ఆలోచించి ఆలోచించి చెప్పాలనే నిర్ణయించుకున్నాను.

ఆ బెల్లుని నీ మట్టి ఒక్క రోజు కూడా మోగించలేదు.

గొట్టానికి మొదటిసారి అడ్డం పడిన రోజు వదిన నాకు చీటీ రాసి నర్సమ్మ చేత పోస్టు చేయించింది. అది నా దగ్గరే ఉంది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "మీ అన్నయ్య కుండీలు పాతుతున్నారు. బెల్లు మోగదు. మోగలేదని ఒప్పుకోరు. ఆయన చేతకానివాడు అయిపోవడం నేను చూడలేను, నేను ఊపిరాడక చావడమూ నాకిష్టం లేదు. రెండు పెద్ద టార్చి సెల్లులు దిండులో పెట్టి కుట్టి పంపు. తీగలు ఎలా కలపాలో నాకు తెలుసు, లైన్‌మన్ పెళ్ళాన్ని. ఆయనకి చెప్పావంటే మళ్ళీ నీ మొహం చూడను."

దిండులో సెల్లులు పెట్టి, రెండు తీగ కొసలు కుట్టులోంచి బయటికి వదిలాను. నర్సమ్మ మంచం కిందకి వంగి నీ తీగలు విప్పి వాటికి కలిపింది. నెలకొకసారి దిండు మార్చాలని అనుకున్నాం. మూడో దిండు నేను ఎనిమిది రోజులు ఆలస్యం చేశాను. యూనిఫారాలు కుట్టుకుంటూ కూర్చున్నాను. కబురు తెలిసి వచ్చేటప్పుడు ఆ దిండు నా సంచిలోనే ఉంది. తొమ్మిది రోజులు మీ ఇంట్లో ఉన్నా దాన్ని బయటికి తియ్యలేదు. తిరిగి తెచ్చేసుకున్నాను.

కాబట్టి మట్టి ఎండిపోవడం వల్ల కాదు. సెల్లులు అయిపోవడం వల్ల. నీ తప్పు లేదు అన్నయ్యా. తప్పు నాది. నన్ను పెంచిన మనిషిని నేనే చంపుకున్నాను. తిట్టు, కొట్టు, మాట్లాడటం మానెయ్యి, ఏదైనా సరే. కానీ ఆ కుండీల దగ్గరి నుంచి లే.

నీ చెల్లి


ముందు గది,
మంగళవారం

చెల్లీ,

నాకు తెలుసు.

బెల్లు మోగిన మూడో రోజు కుండీల దగ్గర ఓల్టులు కొలుద్దామని తీగలు విప్పాను. రెండు కొసలూ నా చేతిలోనే ఉన్నాయి. అప్పుడే షెడ్డులో బెల్లు మోగింది. మీ వదిన ఊరికే సరదాకి నొక్కిందట. నేను ఆ తీగలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ మధ్యాహ్నం తను నిద్రపోయాక దిండు నొక్కి చూశాను. లోపల గట్టిగా రెండు తగిలాయి. మీటరు పెడితే మూడు ఓల్టులు, ఒక్క గీత అటూ ఇటూ లేదు. మట్టి ఎప్పుడూ అంత కచ్చితంగా ఇవ్వదు. నాకు తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ళ లైన్‌మన్‌ని మంచంలో ఉన్న మనిషి మోసం చేసింది.

అడుగుదామని వెళ్ళాను. తను లేచి పలక మీద ఏదో ఎత్తిపొడుపు రాసి, తల తిప్పుకుని నవ్వుతోంది. నన్ను బుట్టలో వేశానన్న నవ్వు అది. అడగలేకపోయాను. వెళ్ళి తీగలు మళ్ళీ కుండీలకి కట్టేశాను. ఆ రోజు నుంచి రెండు నెలలు నేను మోసపోయినట్టు నటించాను. నేల తడి గురించి ఉపన్యాసాలు చెప్పాను. నీకు కూడా అబద్ధాలు రాశాను. మా ముప్పై నాలుగేళ్ళ కాపురంలో అంత హాయిగా నవ్వుకున్న రోజులు లేవు.

నీ ఉత్తరంలో గురువారం దిండు వస్తుందని చదివాను. నాకు సెల్లు లెక్క తెలుసు. గురువారం దాకా ఆగదని తెలుసు. ఆదివారం రోజే వెళ్ళి రెండు సెల్లులు కొన్నాను. తను నిద్రపోయినప్పుడు మారుద్దామనుకున్నాను. దిండు కుట్టు విప్పితే మళ్ళీ నీలా కుట్టడం నాకు రాదు. చూస్తే తెలిసిపోతుంది. నాకు తెలుసని తెలిస్తే ఆ ఆట ఆగిపోతుంది. ఇవాళ కాదు రేపు అనుకున్నాను. సెల్లులు షెడ్డు సొరుగులోనే ఉన్నాయి.

బుధవారం ఏడింటికి పరీక్షలో బెల్లు బొంగురుగా రెండు దెబ్బలు కొట్టి ఆగిపోయింది. రోజూ విన్న వెంటనే లోపలికి వెళ్ళేవాడిని కదా. ఆ రోజు వెళ్ళలేదు. నా మొహం చూస్తే కనిపెట్టేస్తుందని భయం. గుమ్మం బయటి నుంచే, బాగా మోగింది అని అరిచి చెప్పి షెడ్డుకి వెళ్ళిపోయాను. నర్సమ్మకి ఆ పూట సెలవు. పదింటికి వెళ్ళాను.

పలక తన ఒళ్ళో ఉంది. పొద్దున పరీక్ష అయ్యాక నా కోసం రాసి పెట్టింది. అక్షరాలు గుండ్రంగా, స్థిమితంగా ఉన్నాయి. అప్పటికి బాగానే ఉంది.

"సెల్లులు అయిపోయాయి. రెండు కొనుక్కురా. నవ్వకు."

ఎవరూ రాకముందే నేను చెరిపేశాను.

మట్టి ఎండిపోయిందని నీకు ఎందుకు రాశానంటే, అదే నిజమైతే బాగుండునని. అప్పుడు నేను తెలివితక్కువవాడిని మాత్రమే అవుతాను. తెలిసి కూర్చున్నవాడిని కాను. ఇరవై నాలుగు కుండీలతో ఆ బెల్లు ఒక్కసారి మోగితే, మట్టే మోగించేదని నేను నమ్మగలిగేవాడిని. మోగలేదు.

వచ్చిన ప్రతివాళ్ళూ నీ తప్పు లేదు అంటున్నారు. నువ్వూ అదే రాశావు. ఆ మాట నాకు మళ్ళీ రాయకు చెల్లీ. ఈ ఇంట్లో అందరం ఒకళ్ళ మనసు ఒకళ్ళు కష్టపెట్టకూడదని చూసుకున్నాం, చివరికి ఇలా అయింది. ఉన్నది ఉన్నట్టు నా మొహం మీద చెప్పగలిగే మనిషివి నువ్వొక్కదానివే మిగిలావు.

అన్నయ్య


కొట్టు పై గది,
గురువారం

అన్నయ్యా,

నీ తప్పే. సొరుగులో సెల్లులు పెట్టుకుని మూడు రోజులు ఊరుకున్నావు. ఆ పొద్దున నాలుగు అడుగులు లోపలికి వేసి ఉంటే వదిన బతికి ఉండేది. డాక్టరు గారి మొహం ఎలా ఉన్నా సరే, ఇంకో ఆరు నెలలైనా ఉండేది.

నాదీ తప్పే. పోస్టాఫీసు నా కొట్టుకి వంద గజాలు.

వదినదీ తప్పే. మాట పోయినా చెయ్యి ఉంది, మొదటి రోజే పలక మీద రాయాల్సింది. ఆవిడ మీద ఇంత కోపం నాకెప్పుడూ రాలేదు. నిన్నంతా ఏడుస్తూ తిట్టాను, ఆవిడ నన్ను తిట్టినట్టే, పక్కింటికి వినపడేలా. కింద కొట్టు అబ్బాయిలు పైకి వచ్చి చూసిపోయారు.

రాసేశాను. ఇది చింపను.

యూనిఫారాలు వేరే ఆవిడకి అప్పగించాను. శనివారం పొద్దున బస్సుకి బయల్దేరి మధ్యాహ్నానికి వస్తాను. నెల రోజులు ఉంటాను. వదిన గదిలోనే పడుకుంటాను, పరుపు ఎండలో వేసి ఉంచు. అన్నం తిను. నేను వచ్చాక ఇద్దరం కూర్చుని ఆ బుధవారం గురించి మొదటి నుంచి చివరి దాకా మాట్లాడుకుందాం. నువ్వు చెప్పాల్సింది ఇంకా ఉంది. నాక్కూడా ఉంది.

నీ చెల్లి